పుల్లకు గుచ్చిన టమాటాలు

పెళ్లయ్యాక అనకాపల్లిలో నేను చేసిన మొట్టమొదటి వంటకానికి పొయ్యి అక్కర్లేదు. నిప్పు వద్దు, నూనె వద్దు, కుక్కరు కూత వద్దు. చిన్న టమాటా ఒకటి, చీజు ముక్క ఒకటి, ఒక ఆకు, ఒక ఆలివ్ కాయ. వరసగా పుల్లకు గుచ్చి పళ్లెంలో పేర్చడమే. ఇటలీలో భోజనానికి ముందు ఇలాంటివి పెడతారని ఫోన్లో ఒకావిడ నవ్వుతూ చెప్పింది. ఆవిడ గోళ్ల రంగు కూడా టమాటా రంగే. వంటిల్లు పూర్తిగా మా అత్తయ్య నూకరత్నంగారి రాజ్యం కాబట్టి, పొయ్యి దగ్గరికి వెళ్లకుండా వంట చేయొచ్చనే మాట నాకు వరంలా వినిపించింది.

నూకాలమ్మ జాతర నెల అది. ఊరంతా చుట్టాలే. కొత్త అమావాస్య వెళ్లిన ఆదివారం చీడికాడ నుంచి మా అత్తింటివాళ్లు ఆటో నిండా దిగారు. మామయ్య పొలం పనులతో అక్కడే ఉండిపోయి, మిగతా అందరినీ పంపించేశారు. ఇదే అదను అనుకున్నాను. టమాటాలు, ఆలివ్ సీసా ముందురోజే గాజువాక నుంచి నాన్న చేత తెప్పించుకున్నాను. ఆ తెల్ల చీజు దొరక్కపోతే పనీరు కోశాను. ఇక ఆకు. ఫోన్లో ఆవిడ గుచ్చింది తులసి జాతిదట. తులసికోట వైపు రెండడుగులు వేశానో లేదో, అత్తయ్య బియ్యం చేట ఆపి నా వైపు చూసింది. నేనే వెనక్కి వచ్చి పుదీనాతో సరిపెట్టాను.

పళ్లెం పట్టుకుని హాల్లోకి వెళ్తే అందరూ ఇటు తిరిగారు. పక్కింటి అప్పలనర్సమ్మ పిన్నిగారు కూడా చుట్టాల మధ్యలో కూర్చుని ఉన్నారు.

"ఏటే నూకరత్నం, నీ కోడలు పుల్లలట్టుకుని వచ్చింది?"

"ఏటోనమ్మా. ఇటలీ అంట."

"పచ్చిగానే తెచ్చీసింది! కాల్చడం మర్సిపోయిందేటి?"

"కాల్చరంట. అలాగే తినాలంట."

పిన్నిగారు ఒక పుల్ల తీసుకుని వెలుగులోకి ఎత్తి, బెల్లం దిమ్మను పరీక్ష చేసినట్టు తిప్పి తిప్పి చూశారు. "ఈ నల్లకాయేటమ్మా? నేరేడా?"

"ఆలివ్, పిన్నిగారూ."

ఆవిడ కొరికారు. అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఉప్పులో ఊరీసిన కుంకుడుకాయలాగుంది."

అందరూ పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ మాట నిజమే. నా మొగుడు లోహిత్ మాత్రం ఒక్కొక్క పుల్లా తీసుకుంటూ పళ్లెం సగం ఖాళీ చేశాడు. "అమ్మా, సూపరుగున్నాయే" అన్నాడు నోటినిండా పెట్టుకుని.

"నువ్వు దాని సేత్తో ఇత్తే రాల్లయినా తింతావు" అంది అత్తయ్య.

అది మెచ్చుకోలా, దెప్పా? నాకు అర్థం కాలేదు. అత్తయ్యతో నాకు మొదటినుంచీ ఇదే చిక్కు. ఆవిడ కోపంలో ఉన్నా, నవ్వబోతున్నా ముఖం ఒకలాగే ఉంటుంది. మైక్రోబయాలజీలో కంటికి కనిపించని పురుగుల పేర్లు పుటలకు పుటలు బట్టీ పట్టాను గాని, ఎదురుగా కనిపించే మనిషి ముఖం చదవడం ఏ పేపర్లోనూ లేదు.

ఆ వారంలోనే లోహిత్ షిఫ్టు దిగి జ్వరంతో ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున్న అత్తయ్య వాడి చొక్కా పైకెత్తి చూసింది. ఛాతీ మీద, భుజం మీద ఎర్రగా పొక్కులు. ఆవిడ రెండు చేతులూ జోడించి, "వచ్చేవా తల్లీ" అంది.

నేను వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాను, ఎవరొచ్చారా అని.

ఎవరూ రాలేదు. అప్పటికే వచ్చినావిడ గురించి అంటోందని తెలియడానికి నాకు కొంచెం సేపు పట్టింది. నాకు అది చికెన్‌పాక్స్. అత్తయ్యకు అమ్మోరు. మధ్యాహ్నానికల్లా గుమ్మానికి వేపమండలు ఎక్కాయి. ముందుగదిలో చాప మీద వేపాకు పరిచి, తెల్ల పంచె వేసి, లోహిత్‌ను పడుకోబెట్టారు. గదికి అడ్డంగా పాత చీర తెర కట్టారు. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. అత్తయ్య వాటిని కాదనలేదు. ప్రతి మాత్రనూ ఒక వేపాకు మీద పెట్టి ఇచ్చేది.

నియమాలు నాకు ఒక్కొక్కటిగా చెప్పింది. తాలింపు వేయకూడదు. వేపుడు వాసన రాకూడదు. చీపురుతో దుమ్ము లేపకూడదు. బయటివాళ్లు లోపలికి రాకూడదు. సూది పట్టకూడదు. నేనెలాగూ కుట్టుపని చేయను కాబట్టి ఆ చివరిది నాకు సంబంధించింది కాదనుకున్నాను.

"నువ్వు మాత్రం తెర దాటకమ్మా" అంది. తర్వాత, ఇంకో చిన్న విషయం ఉందన్నట్టు, "మీ నాన్నకి ఫోన్ సెయ్యి. వచ్చి తీస్కెల్తాడు" అంది.

"ఎందుకత్తయ్యా? నాకు చిన్నప్పుడే టీకా వేశారు. రెండు డోసులూ. నాకు రాదు."

"టీకా ఏసింది నీకు. అమ్మోరికి ఆ సంగతి తెల్దు కదా."

నన్ను కాపాడ్డానికి పంపుతోందా, వదిలించుకోడానికి పంపుతోందా తెలియక ఆ సాయంత్రమంతా పెరట్లో తచ్చాడాను. అప్పుడే గోడ అవతల నుంచి అప్పలనర్సమ్మ పిన్నిగారి గొంతు వినిపించింది. మెల్లగా మాట్లాడుతున్నాననుకునే గొంతు. వీధి చివరిదాకా వినిపిస్తుంది.

"కొత్తపిల్ల అడుగెట్టిన యేడే అమ్మోరొచ్చింది. నానేటనను గాని, పంపీడమే మంచిదే నూకరత్నం."

అత్తయ్య ఏమీ అనలేదు. బట్టలు పిండుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. అవునంటే ఏడ్చేదాన్ని, కాదంటే సంతోషించేదాన్ని. ఆ ఏమీ అనకపోవడంతో ఏం చేసుకోవాలో తెలియలేదు.

నాన్న ఫోన్లో, "ఆదివారం వస్తానమ్మా, అంతవరకూ సెలవు లేదు" అన్నారు. నాకు వెళ్లాలని లేదు. ఆ మాట ఎవరితో చెప్పాలో కూడా తెలియలేదు. కొత్త పెళ్లికూతురు మొగుడి కోసం పేచీ పెడితే నవ్వుతారు. మళ్లీ ఎప్పుడు రమ్మంటారో ఎవరూ చెప్పలేదు. అసలు రమ్మంటారా?

తెర కింద జానెడు ఖాళీ ఉండేది. అందులోంచి లోహిత్ కుడి పాదం కనిపించేది. హాల్లో గోడకు చేరబడి కూర్చుంటే నాకు అదొక్కటే దక్కేది.

ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "ఏం చేస్తున్నావ్?"

"నీ కాలు చూస్తున్నా."

బొటనవేలు రెండుసార్లు ఊగింది. అంత సంతోషం నాకు పెళ్లి పందిట్లో కూడా కలగలేదు. ఒకే ఇంట్లో, ఒకే ఫ్యాను గాలి కింద, ఫోన్లో ఉత్తరాలు రాసుకునే మొగుడూ పెళ్లాం ఈ ఊళ్లో ఇంకెవరైనా ఉంటారా అనుకుని నాలో నేను నవ్వుకున్నాను.

కాని వాడు తినడం లేదు. తాలింపు లేని పప్పు, మెతుకు చితికిన పెరుగన్నం, కొబ్బరినీళ్లు. "గడ్డిలాగుందమ్మా" అని కంచం తోసేసేవాడు. అత్తయ్య ఆ కంచాన్ని అలాగే తెచ్చి వంటింట్లో పెట్టుకుని, తనూ తినకుండా కూర్చునేది. శనివారం పొద్దున్న నాకు మళ్లీ మెసేజ్. "ఆకలేస్తోంది. నీ పుల్లలు చెయ్యవా?"

లేచి నిలబడ్డాను. ఎందుకు తట్టలేదు ఇంతవరకూ? నిప్పు లేదు. తాలింపు లేదు. వేపుడు లేదు. ఒంటికి చలవ. అమ్మోరి నియమాలన్నిటికీ సరిగ్గా అతికే తిండి ఇటలీవాళ్లు ఎప్పుడో కనిపెట్టి పెట్టారు! లోహిత్ నా చేతి తిండి తింటే, రేపు నాన్న వచ్చేసరికి అత్తయ్య మనసు మారుతుంది. "ఉండనీ, ఆడికి తిండి పెట్టే మనిషి కావాలి కదా" అంటుంది. ఆ మాట అత్తయ్య గొంతులోనే నా చెవికి వినిపించేసింది కూడా.

ఫ్రిజ్‌లో టమాటాలు ఇంకా ఉన్నాయి. పనీరు, కీరా, పుదీనా ఉన్నాయి. ఆలివ్‌లు మాత్రం మానేశాను, కుంకుడుకాయలు గుర్తొచ్చి. టమాటాలను బట్టతో తుడిచి మెరిసేలా చేశాను. పుల్ల మొన టమాటాలో దిగేటప్పుడు చిన్న చప్పుడవుతుంది, టప్పుమని. నాకు ఆ చప్పుడు ఎంతిష్టమో. టమాటా, పనీరు, కీరా, ఆకు, మళ్లీ టమాటా. పళ్లెంలో సూర్యుడిలా గుండ్రంగా పేర్చాను.

తెర దగ్గర నిలబడి, "అత్తయ్యా" అన్నాను.

ఆవిడ లోపల వేపమండతో లోహిత్ భుజం మీద మెల్లగా రాస్తోంది. చేత్తో గోకకూడదు కదా, దురద పుడితే అలా రాయాలి. ఒక చేత్తో తెర పక్కకు జరిపింది. పళ్లెం చూసింది. వేపమండ ఆగిపోయింది.

"ఏటమ్మా అయ్యి?"

"చల్లవి, అత్తయ్యా. పొయ్యి వెలిగించలేదు. నూనె చుక్క తగల్లేదు. తాలింపు..."

"అది కాదమ్మా." ఆవిడ గొంతు హెచ్చలేదు. "ఇలాగ సూడు."

చూశాను. లోహిత్ భుజం మీద పొక్కులు, ఎర్రగా, గుండ్రంగా, నీరు పట్టి నిగనిగలాడుతూ. నా చేతిలో పళ్లెం నిండా టమాటాలు, ఎర్రగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ. ఒక్కొక్కదాని నడుంలోంచి ఒక్కొక్క పుల్ల.

"అమ్మోరున్నింట సూది పట్టమమ్మా" అంది అత్తయ్య. "పూలు కూడా గుచ్చం."

లోహిత్ తల తిప్పి పళ్లెం చూశాడు, తన భుజం చూసుకున్నాడు, నవ్వాడు. "అమ్మా, ఇది నన్ను కబాబ్ చేసేసింది!" పెదవి మీద పొక్కు చిట్లి అమ్మో అని నోరు పట్టుకున్నాడు.

"నోరు ముయ్యరా" అంది అత్తయ్య. నా చేతిలోంచి పళ్లెం తీసుకెళ్లి వెనక వరండాలో, ఒక మూల, నేల మీద పెట్టింది.

మధ్యాహ్నం వాడి జ్వరం పెరిగింది.

నాకు తెలుసు ఎందుకు పెరిగిందో. పెద్దవాళ్లకు ఈ జబ్బు వస్తే జ్వరం ఇలాగే వచ్చి పోతూ ఉంటుంది. మాత్ర వేశాక గంటలో తగ్గుతుంది. ఏ వైరస్, ఎన్నాళ్లు, ఏ దశ, అంతా పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. టమాటాకీ వైరస్‌కీ ఏ సంబంధమూ లేదు. ఇదంతా తెలిసి కూడా వరండా మూలకు వెళ్లి వంగి ఆ పళ్లెం చూశాను. పుల్లలు గుచ్చిన చోట నుంచి రసం కారి పళ్లెంలో మడుగు కట్టింది. నాకు భయం వేసింది థర్మామీటరు చూసా, ఈ పళ్లెం చూసా? తేల్చుకోలేకపోయాను. ఇప్పుడడిగినా చెప్పలేను.

అత్తయ్య ఇత్తడి గిన్నెలో పసుపునీళ్లు తెచ్చింది. పైన వేపాకు తేలుతోంది. నా ఎదురుగా పెట్టింది.

"కూసో. నీ సేత్తోనే తియ్యి. మెల్లగా."

కూర్చున్నాను. మొదటి పుల్ల పట్టుకున్నాను. టమాటాను రెండు వేళ్లతో అదిమి, పుల్లను కొంచెం తిప్పి, నెమ్మదిగా లాగాను. ఇందాక గుచ్చేటప్పుడు లేని జాగ్రత్త ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చిందో. టమాటాను పసుపునీళ్లలో ముంచి వేపాకు మీద పెట్టాను.

"ఏమనాలి అత్తయ్యా?"

"ఏటీ అనక్కర్నేదు. సల్లగా ఉండు తల్లీ అను. సాలు."

"సల్లగా ఉండు తల్లీ" అన్నాను. నా నోట్లో ఆ మాట నాది కానట్టూ ఉంది, నాదైనట్టూ ఉంది. రెండోది, మూడోది. కొంతసేపటికి అత్తయ్య కూడా నా పక్కనే చతికిలబడి ఒక పుల్ల అందుకుంది. ఆవిడ వేళ్లకు ఒడుపు ఎక్కువ. నేను ఒకటి తీసేలోగా ఆవిడ రెండు తీస్తోంది. రసం కారుతున్న చోట బొటనవేలు అడ్డం పెడుతోంది, పిల్లవాడి గాయానికి పెట్టినట్టు. పెదాలు కదులుతున్నాయి. నాతో మాట్లాడుతోందనుకుని వంగాను.

"తెలీక సేసింది తల్లీ. కొత్తపిల్ల. మా పిల్లే. దాని మీద కోపం పెట్టుకోకు. ఏటున్నా నా మీద పెట్టుకో."

నేను వెంటనే సరిగ్గా కూర్చున్నాను, విననట్టు. పుల్ల ఒకటి చేతిలో విరిగింది.

టమాటాలన్నీ అయ్యాయి. పళ్లెంలో పనీరు ముక్కలూ కీరా ముక్కలూ మిగిలాయి. "వీటినేం చేయమంటారు అత్తయ్యా? ఇవీ ముంచాలా?"

ఆవిడ ఒక పనీరు ముక్క తీసి చూసింది. "దీనికేటి, తెల్లగా ఉంది కదా" అని నోట్లో వేసుకుంది. నమిలింది. "పర్నేదు. ఉప్పు సాల్నేదు." ఇంకో ముక్క తీసుకుంది. పొద్దుటినుంచీ ఆవిడ ఏమీ తినలేదని నాకు అప్పుడు తెలిసింది.

మిగిలినవి కడిగి గిన్నెలో వేసి లోపలికి తీసుకెళ్లింది. తెర అవతల నుంచి లోహిత్ గొంతు, "ఇంకొకటి పెట్టమ్మా." మరో రెండు ముక్కలకు మళ్లీ, "ఇంకొకటి." గిన్నె ఖాళీగా బయటికొచ్చింది. జ్వరం తగ్గింది. మాత్ర వేసి గంట దాటిందనుకోండి. టమాటాలను పెరట్లో వేపచెట్టు మొదట్లో పెట్టి వచ్చాం, ఇద్దరం కలిసి. ఆవిడ వేళ్లూ పసుపే, నా వేళ్లూ పసుపే.

అయినా రేపు ఆదివారమే కదా. సాయంత్రం బ్యాగు సర్దుకున్నాను. అత్తయ్య చూసింది. వద్దనలేదు.

నాన్న పొద్దున్నే స్కూటరు మీద వచ్చి, వేపమండలు చూసి గేటు దగ్గరే ఆగిపోయారు. అత్తయ్య మజ్జిగ గ్లాసు గోడ మీద పెట్టి వెనక్కి జరిగింది. నాన్న తాగి, గ్లాసు మళ్లీ గోడ మీద పెట్టి, నన్నడిగారు, "వెళ్దామా అమ్మా?"

నేను బ్యాగు తీసుకుని గుమ్మం దాకా వచ్చాను.

"ఎలాగెల్తది అన్నయ్యగారూ?" అంది అత్తయ్య.

నాన్న తెల్లబోయారు. "మీరే కదమ్మా తీసుకెళ్లమన్నారు?"

"అప్పుడన్నాను. నిన్న మీ పిల్ల అమ్మోరికి తన సేత్తో సేవ సేసింది. సేవ సేసినోల్లు, అమ్మోరు దిగి ఆడికి మూడు నీల్లు పోసీదాకా గడప దాటకూడదు."

పక్క గోడ మీదుగా అప్పలనర్సమ్మ పిన్నిగారి తల పైకి లేచింది. "ఇదెక్కడి మాటే? నానెప్పుడూ ఇన్నేదు!"

"నీకెప్పుడు సెప్పేనని ఇంతావు?"

"మా అత్త కాలంనుంచి అమ్మోరిని సూత్తన్నాను నాను..."

"సూడు మరి. నోరిప్పి సూడమన్నారేటి ఎవరైనా?"

తల గోడ కిందికి వెళ్లిపోయింది.

నాన్న త్రినాధరావుగారు జీవితంలో ఎవరి నియమాన్నీ కాదన్న మనిషి కాదు. ఆయన తల ఊపి, "నియమం నియమమే కదమ్మా. మూడు నీళ్లూ అయ్యాక కబురు చెప్పండి, వచ్చి చూసి వెళ్తాను" అన్నారు. నా వైపు ఒకసారి చూశారు, వస్తానంటే ఇప్పుడైనా తీసుకెళ్తానన్నట్టు. నా ముఖంలో ఆయనకేం కనిపించిందో గాని, స్కూటరు తిప్పుకున్నారు. స్టాండు తీస్తూ నవ్వుతున్నారు.

స్కూటరు మలుపు తిరిగేదాకా చూసి, బ్యాగు గుమ్మం పక్కన దించాను. అత్తయ్య స్టూలెక్కి గుమ్మానికున్న వాడిన మండలు దించి పచ్చివి కడుతోంది. నేను కింద నుంచి ఒక్కొక్క మండా అందించాను.

"అత్తయ్యా, నిజంగా అలాంటి నియమం ఉందా?"

"మీ నాన్న అడిగేడా?"

"లేదు."

"నువ్వెందుకు అడుగుతన్నావు మరి?"

ఆవిడ ముఖం చూశాను. ఎప్పటిలాగే ఉంది. కోపమా, నవ్వా? వెలుతురు ఆవిడ వెనక నుంచి వస్తోంది. నాకేమీ తెలియలేదు.

ఆవిడ స్టూలు దిగింది. లేత మండ ఒకటి ఏరి, ఎండుటాకులు దులిపి, నా చేతిలో పెట్టింది.

"ఆడికి ఈపు దురదంట. ఎల్లు. గట్టిగా రాయకు."

నేను తెర పక్కకు జరిపాను.